ఆయుధపూజకు కడిగిన తొట్టి

తిరువళ్ళూరు బజారువీధిలో నటరాజు జవుళి అంగడికి రెండు పేర్లుండేవి. బోర్డు మీద రాసింది ఒకటి, జనం నోట్లో నలిగేది ఒకటి. చీర కొనాలన్నా పంచె కొనాలన్నా చుట్టుపక్కల పల్లెల వాళ్ళు "చేపలంగడికి పోదాం పా" అనేవాళ్ళు. కోడిగుడ్డు కూడా గుమ్మం దాటి రాని ఇంటివాళ్ళ అంగడికి ఆ పేరేమిటని కొత్తవాళ్ళు విస్తుపోయేవాళ్ళు. గుమ్మం పక్కన ఇనప చట్రంలో బిగించిన మూడడుగుల అద్దాల తొట్టి ఉండేది. అందులో నాలుగు బంగారు చేపలు, ఏడు నల్ల మాలీ చేపలు తిరుగుతుండేవి. పేరు వాటివల్ల వచ్చింది.

తొట్టి నటరాజు తండ్రి షణ్ముగానిది. రెండేళ్ళ కిందట ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట కూడా పోయింది. అప్పటినుంచి పేము కుర్చీలో తొట్టి పక్కనే కూర్చునేవాడు. ఎడమ చెయ్యి అద్దానికి ఆనిస్తే చేపలన్నీ గుంపుగా ఆ వేళ్ళ దగ్గరికి వచ్చేవి. లోపల ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెడితే ముద్ద నోటి పక్కనుంచి జారిపోయేది. తొట్టి ముందర పెడితే చేపల్ని చూస్తూ, ఎప్పుడు మింగాడో తనకే తెలియకుండా పెట్టినదంతా తినేవాడు. డాక్టరు కూడా "మందు నాది, ఆకలి ఆ చేపలది" అని ఒప్పుకున్నాడు.

ఇక కోడలు దేవసేన. ఆమెకొక జబ్బు ఉంది. ఆమె దాన్ని జబ్బు అనదు, శుభ్రం అంటుంది. కడిగిన గిన్నెను మళ్ళీ కడుగుతుంది, తుడిచిన గడపను మళ్ళీ తుడుస్తుంది. అలాంటి మనిషి కళ్ళెదుట, వచ్చేపోయే జనమంతా చూసే గుమ్మం పక్కన, పాచి పట్టిన తొట్టి ఒకటి ఉండడమంటే కంట్లో నలుసు ఉన్నట్టే. కానీ దాని మీద చెయ్యి వేసే హక్కు ఆమెకు లేదు. మంచాన పడకముందు షణ్ముగం తొట్టి పని తానే చూసుకునేవాడు. మరొకరికి నేర్పింది ఒక్క కుప్పమ్మకే.

కుప్పమ్మ కడంబత్తూరునుంచి పొద్దున రైలుకు వచ్చి అంగడీ ఇల్లూ ఊడ్చి కడిగి పోయే మనిషి. ఆదివారం ఆదివారం తొట్టిలోంచి మూడు బిందెల నీళ్ళు తీసేది, ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళు మూడు బిందెలు పోసేది. అంతకుమించి దేన్నీ ముట్టేది కాదు.

"ఆ పాచి కూడా గోకి పారెయ్యరాదా కుప్పమ్మా?" అని దేవసేన ఎన్నోసార్లు అడిగింది.

"పెద్దయ్య వద్దన్న్యాడమ్మా. అది ఉండాలంట," అనేది కుప్పమ్మ. ఎందుకుండాలో ఆమెకూ తెలియదు. పెద్దయ్య చెప్పాడు, అంతే.

ఎనభై రెండో సంవత్సరం ఆయుధపూజ వచ్చింది. మనకు కూడు పెట్టే వస్తువు ఏదైనా సరే ఆ పండక్కి తలంటు పోసుకోవలసిందే. పండగ ముందురోజు నటరాజు సరుకు కోసం మద్రాసు పోయాడు. ఇంట్లో కొడవలీ పారా కడుక్కోవాలని కుప్పమ్మ మధ్యాహ్నమే బయల్దేరి పోయింది. దేవసేన కత్తెరలు కడిగింది, గజంబద్ద కడిగింది, కుట్టుమిషను తుడిచింది, గల్లాపెట్టెకు పసుపు రాసింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని చుట్టూ చూసింది. అన్నీ మెరుస్తున్నాయి, తొట్టి తప్ప.

అంగడికి జనాన్ని పిలిచేదే అది కదా, దానికి మాత్రం పూజ వద్దా అనుకుంది. అనుకోవడమే ఆలస్యం. చేపల్ని బట్టలుతికే బకెట్లోకి మార్చింది. తొట్టినీళ్ళు చుక్క మిగలకుండా కాలవలోకి పారబోసింది. అడుగున ఉన్న గులకరాళ్ళను లోపలికి తీసుకుపోయి, డేగిసాలో పోసి, అన్నం వండినట్టు కుతకుత ఉడికించింది. అద్దాలకు చింతపండూ బూడిదా కలిపి పీచుతో తోమింది. తొట్టిలోకి గాలి ఊదే పంపు చివర ఉండే పాత దూదిని చూసి ముక్కు మూసుకుని పారేసింది. మునిసిపాలిటీ కొళాయి నీళ్ళు, బ్లీచింగు పొడి వాసన ఇంకా పోనివి, అంచుదాకా నింపి చేపల్ని వదిలింది. నాలుగు మూలలా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది.

ఆ రెండు గంటలూ షణ్ముగం కుర్చీలోనే ఉన్నాడు. ఆమె బకెట్ తెచ్చినప్పుడే "అ... అ..." అన్నాడు. రాళ్ళు ఎత్తుకుపోతున్నప్పుడు ఎడమ చేత్తో కుర్చీని బాదాడు. ముఖం ఎర్రబడింది.

"ఉండండి మామా, అయిపాయ. కాపీనే గదా, ఇదో తెస్తా," అంది దేవసేన. తెచ్చి పట్టింది కూడా. ఆయన పెదవులు బిగించుకున్నాడు. కాఫీ చొక్కా మీదికి కారింది. ఆమె దాన్ని కూడా శుభ్రంగా తుడిచింది.

పండగ రోజు తొట్టి అద్దంలో అంగడంతా కనపడింది. వచ్చినవాళ్ళంతా దాన్ని చూసే చెప్పుల్ని బయట విడిచారు. "కుప్పమ్మ ఈసారి జోరుగా కడిగింది," అని నటరాజు మెచ్చుకున్నాడు. దేవసేన నవ్వి ఊరుకుంది. మామ మాట దాటి ముట్టుకున్నానని పండగపూట ఎందుకు చెప్పడమని ఆమె ఆలోచన. అది అబద్ధం కాదు, నోరు మెదపకపోవడమే. అబద్ధాలు చాలావరకు అట్లాగే మొదలవుతాయి.

మర్నాడు పొద్దున రెండు మాలీలు వెల్లకిలా తేలాయి. బంగారు చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగుతున్నాయి. ఆ మర్నాటికి ఇంకో మూడు పోయాయి. షణ్ముగం ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. మధ్యాహ్నం ముద్ద పెడితే ఉమ్మేశాడు. రాత్రికీ అంతే.

నటరాజుకు తండ్రంటే ప్రాణం. మర్నాడు పొద్దున కూడా తండ్రి ముద్ద ఉమ్మేయడం చూసేసరికి అతనికి ఒళ్ళు తెలియలేదు. కుప్పమ్మ అప్పుడే చీపురు పట్టుకుంది. అంగట్లో అయిదారుగురు బేరాలవాళ్ళున్నారు.

"ఎవురు నిన్ను ఇట్ల గీకి గీకి కడగమన్న్యారు? మా నాయన తిండి మానేసినాడు, చూస్తాండావా?"

"నేను ముట్టలేదు సామీ. పండగ ముందర్రోజు పగులే ఇంటికి పోతి," అంది కుప్పమ్మ.

"నువ్వు గాకుంటే దయ్యమొచ్చి కడిగిందా? ఆ తొట్టిని తాకేది నువ్వొక్కతే. చేసింది గాక అబద్ధమొకటి!"

కుప్పమ్మ దేవసేనవైపు చూసింది. కాలవ పక్కన చింతపండు పిప్పి, పెరట్లో రాళ్ళు ఉడికించిన డేగిసా ఆమె కంట పడకుండా ఉంటాయా? ఇంటి ఇల్లాలికి మాట్లాడడానికి వ్యవధి ఇచ్చింది. దేవసేన తేలుకుట్టిన దొంగలా, మడిచిన చీరనే విప్పి మళ్ళీ మడుస్తూ నిలబడింది.

కుప్పమ్మ చీపురు గోడకు ఆనించి, కొంగు దులుపుకుని మెట్లు దిగి పోయింది. ఏడేళ్ళుగా వస్తున్న మనిషి. ఎవరూ ఆగమనలేదు.

దేవసేన ఎందుకు నోరు విప్పలేదు? మొగుడు కొడతాడనా, కాదు. నటరాజు చెయ్యెత్తే మనిషి కాడు. మామకు ఏదైనా జరిగితే, కోడలే మామను చంపిందని బంధువులంతా ఏడు తరాలు చెప్పుకుంటారని భయపడింది. ఆ భయం నిజమే. కానీ ఒక మనిషిని బలి ఇచ్చేటంత పెద్దదేమీ కాదని ఆమెకు ఆ రాత్రే తెలిసింది. తెలిసి కూడా, చేపల్ని బతికిస్తే అన్నీ సర్దుకుంటాయని తనకు తానే చెప్పుకుంది. చేపలు బతికితే మామ తింటాడు, మామ తింటే కుప్పమ్మను మళ్ళీ పిలవొచ్చు, ఇక ఎవరూ ఏమీ అడగరు. ఎంత సుళువు!

మర్నాడు మామ పేరిట మొక్కుకుని వస్తానని చెప్పి తిరుత్తణి బస్సెక్కింది. కొండ ఎక్కి దణ్ణం పెట్టుకున్న మాట నిజమే. ఆ తరవాత నేరుగా శివప్రకాశం అయివారి ఇంటికి పోయింది. ఆయన తిరుత్తణి హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. షణ్ముగానికి పాత స్నేహితుడు. మొదటి చేపల జత ఆయన ఇచ్చిందే. ఆయన ఇంటి వసారాలో తొట్లు వరసగా ఉన్నాయి. ఒక్కదానికీ అద్దం మెరుపు లేదు. అన్నింటిలో చేపలు హాయిగా తిరుగుతున్నాయి.

అయివారు అంతా విని కళ్ళద్దాలు తీసి పంచెకొంగుతో తుడుచుకున్నాడు. "రాళ్ళు ఉడకబెట్టినారా? దూది కూడా పారేసినారా? ఎవురమ్మా చేసింది?"

ఇక్కడైనా చెప్పొచ్చు. ముసలాయన, దూరపు ఊరు, పైగా అయివారు. దేవసేన నోరు తెరిచింది. "మా పనిమనిషి," అంది.

"పావం, దాన్నేమీ అనొద్దు తల్లీ," అన్నాడాయన. "తెలీక చేసింది. సుద్దం చెయ్యాలనే గదా చేసింది, చెడ్డబుద్ధి గాదు గదా. నేను చెప్పినానని చెప్పు, బాధపడొద్దని చెప్పు."

ఆ మన్నింపు తనదే. దాన్ని చెయ్యిచాచి తీసుకునే అర్హత లేకుండా చేసుకుంది తానే. దేవసేన తల వంచుకుంది. ఆయన అది పనిమనిషి మీద జాలి అనుకున్నాడు.

"చూడమ్మా, ఆ రాళ్ళకీ దూదికీ అంటుకుని కంటికి కనపడని జీవులుంటాయి. చేప విడిచిన మలినం నీళ్ళలో విషమైపోకుండా తినేది అవే. వాటిని మీరు ఉడకబెట్టినారు. ఇప్పుడు చేప తన విషంలో తానే ఈదతాండాది. చేపకి మందు వేసేది గాదు, నీళ్ళకి ప్రాణం పొయ్యాల."

తన తొట్టి అడుగునుంచి నల్లటి రాళ్ళు దోసెడు తీసి పాత గుడ్డలో మూటగట్టాడు. బురద పట్టిన దూది సగం చించి ఇచ్చాడు. పాల క్యానులో పాత నీళ్ళు నింపాడు. నాలుగు రోజులు మేత వెయ్యొద్దన్నాడు. రోజూ నాలుగో వంతు నీళ్ళు తీసి, ఒకరోజు వెడల్పు గంగాళంలో నిలవ ఉంచిన నీళ్ళు పొయ్యమన్నాడు. గుప్పెడు కల్లుప్పు కరిగించి కొంచెం కొంచెంగా కలపమన్నాడు. "వారానికి నీళ్ళు కుడితిలాగ తెల్లబడతాయి. అప్పుడు చెయ్యి దురద పెడతాది. కడగాలనిపిస్తాది. కడిగితే మాత్రం మళ్ళీ మొదటికే."

ఆ మురికి మూటను ఒళ్ళో పెట్టుకుని దేవసేన బస్సులో వచ్చింది. పక్కన కూర్చున్నామె వాసనకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. వేరే రోజైతే దేవసేన సిగ్గుతో చచ్చిపోయేది. ఆ రోజు మూటలో తడి ఆరిపోతుందేమోనన్న ఒక్కటే దిగులు.

అప్పటికి ఆరు చేపలు మిగిలాయి. మూటను పంపు బుడగల కింద పెట్టింది. ఇక రోజూ అదే పని. గంగాళాలతో పెరడు నిండిపోయింది. నీళ్ళు మోసి మోసి భుజం కాయ కాసింది. అంత చేసినా ఇంకో బంగారు చేప, ఇంకో మాలీ పోయాయి. నాలుగు మిగిలాయి. వాటి తోకలు చిరిగిన గుడ్డ అంచుల్లా ఉన్నాయి. ఒంటి మీద తెల్లటి దూదిమచ్చలు. అవి అడుగున కదలకుండా పడుకునేవి.

షణ్ముగం రోజుకు రెండు ముద్దలు, అదీ కొడుకు చేతినుంచే తినేవాడు. దేవసేన దగ్గరికొస్తే కళ్ళు మూసుకునేవాడు. నటరాజు దాన్ని నీరసం అనుకున్నాడు. చూసినదంతా కడుపులో పెట్టుకుని చెప్పలేక కళ్ళు మూసుకుంటున్నాడని ఆ ఇంట్లో ఒక్కరికే తెలుసు.

తొమ్మిదో రోజు నీళ్ళు నిజంగానే కుడితిలా తెల్లబడ్డాయి. చేపలు కూడా కనపడలేదు. దేవసేన చేతులు తహతహలాడాయి. ఒక్క గంట పని, తళతళలాడిపోతుంది. పీచు చేతిలోకి కూడా తీసుకుంది. అప్పుడు తల ఎత్తి చూస్తే మామ కళ్ళు తెరిచి తననే చూస్తున్నాడు. పీచు కింద పడేసి కుర్చీ పక్కన నేలమీద కూలబడింది.

"తెలీక జేసినా మామా," అంది. "మీరు వద్దంటాంటే కాపీ అనుకున్న్యా."

షణ్ముగం ఆమెను చూడడం మానేసి గుమ్మంవైపు చూశాడు. పొద్దున ఎనిమిదయింది. కడంబత్తూరు రైలు దిగి కుప్పమ్మ మెట్లెక్కే వేళ అది. ఆయన రోజూ ఆ వేళకు అటే చూస్తున్నాడని దేవసేన ఇన్నాళ్ళూ గమనించలేదు, లేక గమనించనట్టు ఉండిపోయింది.

రెండు వారాలకు నీళ్ళు తేటబడ్డాయి. అద్దాల మీద సన్నటి ఆకుపచ్చ పాచి మొలిచింది. దాన్ని చూసి దేవసేన కళ్ళనీళ్ళు పెట్టుకుందంటే, ఆమెను ఎరిగినవాళ్ళు ఎవరూ నమ్మరు. దూదిమచ్చలు రాలిపోయాయి. ఒక పొద్దున షణ్ముగం ఎడమ చెయ్యి అద్దం మీద పెడితే నాలుగు చేపలూ ఆ వేళ్ళ దగ్గరికి వచ్చి నిలిచాయి. ఆ పూట ఆయన గిన్నెడు పెరుగన్నం తిన్నాడు.

నటరాజుకు పట్టపగ్గాలు లేవు. వచ్చినవాళ్ళందరినీ తొట్టి దగ్గరికి లాక్కుపోయాడు. "చచ్చే చేపల్ని బతికించింది మా ఇంటామె. తిరుత్తణికి పొయ్యి కనుక్కోనొచ్చి చేసింది. పనిమనిషి పాడు జేసింది, ఈమె బాగు జేసింది!"

ప్రతి మెప్పూ దేవసేనకు చెంపదెబ్బలా తగిలింది. అన్నం సయించలేదు. చేపలు బతికితే అన్నీ సర్దుకుంటాయన్న లెక్క తలకిందులైంది. అవి చచ్చిపోతున్నన్నాళ్ళూ ఆమె నేరం చేపలదాకే ఉంది. అవి బతికాక ఇక కుప్పమ్మ ఒక్కతే మిగిలింది. నాలుగో రోజుకు తట్టుకోలేక కడంబత్తూరు రైలెక్కింది.

కుప్పమ్మ ఇల్లు ఎక్కడో తెలియక స్టేషను దగ్గర ముగ్గుర్ని అడగవలసి వచ్చింది. కుప్పమ్మ ఇంట్లో లేదు. ఊరవతల ఎవరిదో మడిలో కలుపు తీస్తోంది. పిలిస్తే మోకాళ్ళదాకా బురదతో గట్టు మీదికి వచ్చింది.

"పెద్దయ్య తింటాండాడామ్మా?" అన్నది ఆమె మొదటి మాట.

"తింటాండాడు," అంది దేవసేన. ఆ పైన ఆగలేదు. "కుప్పమ్మా, తొట్టి కడిగింది నేను. నీ మీద పడతాంటే నోరు మూసుకోనుంటి. నన్ను మన్నించు."

కుప్పమ్మ చేతికంటిన గడ్డిని నిదానంగా దులుపుకుంది. "నేను చెయ్యలేదని నాకు తెలుసు గదమ్మా. ఇది నాకు జెప్పేదానికా ఇంత దూరమొస్తివి?"

దేవసేన చేతిలోని రైలు టిక్కెట్టును నలిపింది.

"కడిగింది తప్పు గాదు. ఎవురికైనా వస్తాది ఆ బుద్ధి. ఆ దినం నేను నీ పక్క చూస్తి. నువ్వు చీర మడిస్తివి." ఆమె గొంతులో కోపం కూడా లేదు. ఉంటే బాగుండేదనిపించింది దేవసేనకు. "అంతమందిలో అబద్ధాలదాన్నయితి. ఈ గట్టు మీద నిజం జెప్తే కొంగలింటాయి. పో తల్లీ, రైలుకు పొద్దుపోతాది."

కుప్పమ్మ మళ్ళీ మడిలోకి దిగింది.

దేవసేన తిరిగి వచ్చేసరికి అంగట్లో దీపావళి బేరాలు ఊపందుకుని జనం కిటకిటలాడుతున్నారు. నటరాజు గజంబద్దతో పాప్లిన్ కొలుస్తున్నాడు. ఆమె లోపలికి పోలేదు. ఇప్పుడు లోపలికి పోతే మళ్ళీ ఎన్నటికీ చెప్పలేదని ఆమెకు తెలుసు. తొట్టి పక్కన, అందరికీ కనపడేలా నిలబడింది.

"ఏమండీ. ఆయుధపూజకు తొట్టి కడిగింది కుప్పమ్మ గాదు. నేను. రాళ్ళు ఉడకబెట్టింది నేనే. కుప్పమ్మ నిజమే జెప్పింది. నేనే నోరు మూసుకోనుంటి."

బేరాలు ఆగిపోయాయి. నటరాజు గజంబద్ద పట్టుకుని ఆమెవంక వింతగా చూశాడు. తరవాత పెద్దగా నవ్వాడు.

"ఓసీ, అంతేనా! దానికా ఈ మొగం? పోనీలే. నువ్వేమన్నా కావాలని జేసినావా? పండగని సుద్దం జేస్తివి. తెలీక పాయ. చేపలు బాగుండాయి గదా, ఇంకేం?" అని బేరాలవాళ్ళవైపు తిరిగాడు. వాళ్ళూ నవ్వారు.

అతను అరిచి ఉంటే, నలుగురిలో నాలుగు మాటలని ఉంటే, ఆమెకు ఆ రాత్రి నిద్ర పట్టేదేమో. ఆ నవ్వు మాత్రం ఆమె భరించలేకపోయింది.

"కుప్పమ్మ జేసిందనుకున్నప్పుడు మీకు నవ్వు రాలేదే," అంది.

పాప్లిన్ కొంటున్న ఆమె గుడ్డవైపు చూస్తూ తల ఎత్తలేదు. కుర్చీలో షణ్ముగం కొడుకు ముఖంలోకే చూస్తున్నాడు. నటరాజు తండ్రిని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, కొలిచిన గుడ్డనే మళ్ళీ కొలవబోయి మానేశాడు. గజంబద్ద బల్ల మీద పెట్టాడు. మెట్ల దగ్గరికి వచ్చి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాడు. అక్కడే ఆగిపోయి, ఆమెకు తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా అడిగాడు.

"ఆమె ఇల్లు యాడ?"